కంటి గీత మీద పోపుడబ్బాలు

2023లో వానలు మొదలైన రోజులు. కుందలహళ్ళిలో టెక్ పార్కుకు వెళ్ళే రోడ్డు మీద నేను పనిచేసే మాడ్యులర్ కిచెన్ల షోరూమ్ ఉంది. కింద అంతస్తులో తళతళలాడే నమూనా వంటగదులు, పైన డిజైనర్లు కూర్చునే ఇరుకు గది. ఆ గదికి పెద్దని నేను. మాది గుంటూరు వైపు. బెంగుళూరు వచ్చి ఈ పనిలో పడి చాలా ఏళ్ళయింది. వంటగదులు డిజైన్ చేస్తానంటే జనం నేనేవో రంగులూ టైళ్ళూ ఎంచిపెడతాననుకుంటారు. నిజానికి నేను రోజంతా గీసేది పెట్టెలే. తలుపులూ హ్యాండిళ్ళూ తీసేస్తే వంటగది అంటే గోడకు బిగించిన కొన్ని చెక్కపెట్టెలు, అంతకుమించి ఏమీ లేదు.

కంప్యూటర్లో త్రీడీ బొమ్మలు వస్తుండగా చేత్తో గీయడం ఎందుకని అందరూ అడుగుతారు. కస్టమర్ ఎదురుగా కూర్చుని 'ఫ్రిజ్ అటు మారిస్తే ఎలా ఉంటుంది?' అన్నప్పుడు మనం లాప్‌టాప్ తెరిచి ఆయన్ని కూర్చోబెడితే, ఫోన్ తీసి పక్క షోరూమ్ ధరలు వెతుక్కుంటాడు. అదే కాగితం మీద అప్పటికప్పుడు గీస్తుంటే కుర్చీ ముందుకు జరుపుకుంటాడు. అందుకే మా యజమాని ఒక నియమం పెట్టారు. కొత్తగా చేరినవాళ్ళు మూడు నెలల ప్రొబేషన్ పూర్తయ్యేలోగా కస్టమర్ ముందు కూర్చుని వంటగదిని పెర్‌స్పెక్టివ్‌లో గీసి చూపించాలి. దగ్గరివి పెద్దగా, దూరానివి చిన్నగా, కంటికి ఎలా కనిపిస్తే అలా గీయడమే పెర్‌స్పెక్టివ్. అది రాకపోతే ఉద్యోగం పక్కా కాదు.

ఆ ఏడాది చేరినవాళ్ళలో రత్నమ్మ ఒకరు. వయసు నలభై దాటింది. పాత బెంగుళూరు పేటల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు నేతవారి ఇంటి మనిషి. పట్టుచీరల అంచులకూ కొంగులకూ గ్రాఫ్ కాగితం మీద డిజైన్లు వేసేది. ఇంట్లో మగ్గాలు ఆగిపోయాక కంప్యూటర్ డ్రాయింగ్ నేర్చుకుని మా దగ్గరికి వచ్చింది. ఇంటిల్లిపాదికీ నిలకడైన జీతం అంటూ ఉంటే అది ఆమెదే కావాలి. ఆ సంగతి ఇంటర్వ్యూలోనే దాచకుండా చెప్పింది.

"ఈ పని నాకి కావల్ల సార్. రానిది నేర్చుకుంటా. మీరు తిట్టినా బేజారు చేసుకోను."

ఆ చివరి మాట చేరేటప్పుడు అందరూ అంటారు. దిద్దుబాటు మొదలయ్యాక ఎవరికీ గుర్తుండదు. నా పద్ధతి అలాంటిది మరి. గీసిన పెట్టె మీద ట్రేసింగ్ షీట్ పరిచి, లోపలికి పోయే అంచుల్ని ఎర్ర పెన్నుతో ఇంకా వెనక్కి పొడిగిస్తాను. అవన్నీ దూరాన ఒకే చుక్క దగ్గర కలవాలి. ఆ చుక్కను వానిషింగ్ పాయింట్ అంటాం. కలవకపోతే పెట్టె వంకరన్నమాట. నేను మొహమాటపడ్డా ఎర్రగీతలు మొహమాటపడవు. ఆ షీట్ చూడగానే కొందరు ముఖం మాడ్చుకుంటారు, కొందరు వాదనకు దిగుతారు, కొందరు మర్నాడు కడుపునొప్పని సెలవు పెడతారు.

రత్నమ్మ మొదటి పెట్టెల మీద షీట్ పరిచినప్పుడు నాకే నవ్వొచ్చింది. ఎర్రగీతలు ఎక్కడా కలవలేదు. ఒకదాన్నొకటి తాకకుండా పక్కపక్కనే పోయి కాగితం దాటేశాయి. కొన్నయితే పోనుపోను ఇంకా విడిపోయాయి. దాంతో పెట్టె వెనక భాగం ఉబ్బినట్టు కనిపించింది. మర్నాడూ అంతే, ఆ వారమంతా అంతే. అలాగని చేతిలో లోపం ఉందా అంటే లేదు. అంత శుభ్రమైన, వణకని గీత మా గదిలో ఎవరిదీ కాదు. చెప్పిన మాట చెవికెక్కించుకోవడం లేదని ఒకరోజు ఇంతెత్తున లేచాను.

"వెనక అంచు చిన్నగా గీయమని ఎన్నిసార్లు చెప్పాలండీ రత్నమ్మగారూ?"

ఆమె నొచ్చుకోలేదు. నిజంగా అర్థంకాకే అడిగింది. "సార్, నిజం పెట్టెలో ఎనక పక్క గూడా ముందర పక్కంతే కదా ఉండేది? తక్కువ చేసి గీస్తే కస్టమర్‌కి మోసం చేసినట్ల కాదా?"

అప్పుడు తెలిసింది నాకు విషయం. గ్రాఫ్ కాగితం మీద ఒక్కో గడి కొన్ని పోగులకు లెక్క. చీర ఈ చివర అంచు ఎంత వెడల్పో ఆ చివరా అంతే ఉండాలి. ఒక్క గడి తగ్గినా నేసినవాళ్ళ పరువు పోతుంది. చిన్ననాటినుంచీ ఆ కట్టుబాటులో పెరిగిన చెయ్యి, వెనక అంచు తగ్గించమంటే ఒప్పుకోవడం లేదు. వెనక అంచు తగ్గించకపోవడం చేతకాక కాదు, తగ్గించడం తప్పని నమ్మడంవల్ల. ఇలాంటి పొరపాటు చేయాలంటే నేతవారింట్లో పుట్టి ఉండాలి.

"మీ వీధిలో పడుగు సాగదీసేవారా?" అని అడిగాను. పడుగంటే చీర పొడుగునా వచ్చే పోగులు. మగ్గానికి ఎక్కించేముందు వాటిని వీధి పొడవునా లాగి కట్టి చిక్కులు తీస్తారు.

"నా చిన్నప్పుడు చేస్తా ఉండిరి సార్. తెల్లారితే మా వీదంతా పోగులే."

"ఈ చివర నిలబడి చూస్తే ఆ చివర పోగులు ఎలా కనిపించేవి?"

ఆమె పెన్సిల్ కింద పెట్టి కాసేపు ఆలోచించింది. "అన్నీ ఒకదగ్గిరికి వచ్చేసినట్ల కనిపిస్తాది. కానీ అది కంటి తప్పు కదా సార్. పోగులు యాడ దగ్గిరికొస్తాయి? ఇప్పుడు ఆ కంటి తప్పుని గీయమంటారా?"

"అదేనండీ మన పని. ఆ కంటి తప్పునే తప్పు లేకుండా గీయాలి."

రత్నమ్మ పగలబడి నవ్వింది. "ఈ మాట మొదటి దినమే చెప్పుంటే ఇంత కాగితం మిగిలేది కదప్పా!" అని నన్నే దెప్పింది.

ఆ రోజునుంచి గీతలు ఒకదానివైపు ఒకటి ఒరగడం మొదలుపెట్టాయి. అయితే ఒకే చుక్క దగ్గర కలిసేవి కావు. మూడు కలిస్తే నాలుగోది ఎటో పోయేది. ఆమెలో నేను ఇంకెవరిలోనూ చూడని గుణమొకటి ఇక్కడే బయటపడింది. ఎర్రషీట్ చూశాక మిగతావాళ్ళు ఆ పెట్టెను పక్కన పారేసి కొత్తది గీస్తారు. రత్నమ్మ పారేయదు. "ఇది యాడ మొదలైంది సార్?" అని అడుగుతుంది. గుడ్డలో గీత పడితే, పడినచోటే వెతికితే కారణం దొరకదట. వెనక్కి పోయి ఏ పోగు ఎక్కడ తెగిందో చూడాలట. పెట్టెనూ అలాగే చూసేది. వేసిన గీతల మీద వేలు పెట్టి చివరినుంచి మొదటికి నడుచుకుంటూ పోయి, "ఇదో, ఈ గీత. ఇది వేసేటప్పుడు పక్కదాన్ని మాత్రమే చూసినా, తక్కిన రెండింటినీ మర్చిపోయినా" అని తానే పట్టుకునేది. నేను చెప్పేది తప్పు ఉందని మాత్రమే. అది ఎక్కడ పుట్టిందో ఆమె కనిపెట్టేది.

నేనొక్కణ్ణి చెబితే ఆమెకు చాలేది కాదు. పెట్టెలు బిగించే కార్పెంటర్లను, కాఫీ తెచ్చే మనిషిని, పార్సిల్ ఇవ్వడానికి వచ్చినవాళ్ళను కూడా ఆపి, "ఈ పెట్టె ఎట్ల ఉండాది, నిజం చెప్పండి" అని కాగితం ముందు పెట్టేది. వానిషింగ్ పాయింట్ అంటే వాళ్ళకేం తెలుసు? ఒకరు మూత లేచినట్టుందనేవారు, ఇంకొకరు పక్కకు జారిపోతోందనేవారు. ఆ మాటలన్నీ మూటకట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చేది. ఒకరోజు నాకు చిరాకేసింది.

"పెట్టె బాగుందో లేదో తేల్చడానికి ఓటింగ్ పెడుతున్నారా రత్నమ్మగారూ?"

"ఓటింగ్ కాదు సార్. బాగలేదని ఎవరైనా చెప్తారు. ఎందుకు బాగలేదో కనుక్కోవాల్సింది నేను కదా. మూత లేచినట్ల ఉండాదంటే, పై అంచు దారి తప్పిందని అర్థం. ఆయప్పకి ఆ పేరు తెలీదు, అంతే."

ఎర్రషీట్లను కూడా ఆమె తన కుర్చీ వెనక గోడకు గుచ్చిపెట్టింది. పక్కవాళ్ళు తమ షీట్లను సొరుగుల్లో దాచుకుంటుంటే, ఈమె తన తప్పుల్ని అందరికీ కనిపించేలా వేలాడదీసుకుని, వాటి కింద నిశ్చింతగా కూర్చుని గీసుకునేది. చూస్తే ముచ్చటేసేది. దిద్దించుకోవడం కూడా ఒక విద్యేనని, అందులో ఆమె నాకంటే చాలా ముందుందని నాకు అప్పుడే అనిపించింది.

మూడో నెల వచ్చేసరికి పెట్టెలు చక్కగా నిలబడ్డాయి. కాని ఆమెది నిదానం. మా యజమానికి ఆ నిదానం గిట్టలేదు. "బెళ్ళందూరు ఫ్లాట్ ఫైలు ఆమెకివ్వండి. వెళ్ళి గీసి చూపించమనండి. ఆ మేడమ్ సంతకం పెడితే ఉద్యోగం పక్కా. పెట్టకపోతే ఈ నెలతో సరి" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆ ఫైలు కదలక మేమంతా తలలు పట్టుకుని ఉన్నాం. మావల్ల కానిదాన్ని తీసుకెళ్ళి కొత్త మనిషి మెడకు చుట్టడం ఏం న్యాయమని అడిగాను. ఆయన వినిపించుకోలేదు. రత్నమ్మకు చెబితే మాత్రం, "పోదాం పదండి సార్" అంది. అంటూనే పెన్సిళ్ళన్నీ చెక్కి సంచిలో సర్దుకుంది.

ఆ ఫ్లాట్ గ్రేస్ మేడమ్‌ది. నెల్లూరు మనిషి, ఒక కంపెనీలో ఆడిటర్. ఎప్పుడో జరిగిన ప్రమాదం తర్వాత చక్రాల కుర్చీలోనే తిరుగుతారు. పాత ఇంట్లో వంటమనిషికి చెప్పి చేయించుకుని విసిగిపోయారు. కొత్త ఇంట్లో తన చేపల పులుసు తానే వండుకోవాలని ఆమె పంతం. చేయవలసినవన్నీ మేం చేశాం. వంటగట్టు ఎత్తు తగ్గించాం, కుర్చీ లోపలికి దూరేలా దాని కింద ఖాళీ వదిలాం, త్రీడీ బొమ్మలు రంగుల్లో ప్రింటు తీసి ఇచ్చాం. చూసిన ప్రతిసారీ 'బాగుందండీ' అనేవారు. సంతకం దగ్గరికి వచ్చేసరికి మాట మార్చేవారు.

మేం వెళ్ళేసరికి ఆమె ఖాళీ వంటగదిలో ఎదురుచూస్తున్నారు. రత్నమ్మ నమస్కారం పెట్టి, గోడవారగా నిలబడి, మా త్రీడీ బొమ్మలో ఉన్నట్టే గీసింది. గట్టు, దాని కింద కుర్చీ కోసం వదిలిన ఖాళీ, పక్కన పెట్టెలు, గోడకు పైన వచ్చే పెట్టెలు. నేను మనసులోనే ఎర్రపెన్ను తీసి అంచుల్ని పొడిగించి చూశాను. అన్నీ వెళ్ళి ఒకే చుక్కలో పడ్డాయి. నేనే గీసినంత గర్వంగా అనిపించింది.

గ్రేస్ మేడమ్ కాగితం చేతిలోకి తీసుకుని చూశారు. "చాలా బాగా గీశారండీ. సూపర్."

నేను ఫైలు తెరిచి సంతకం పెట్టాల్సిన పేజీ తీయబోయాను. రత్నమ్మ పెన్సిల్ కింద పెట్టలేదు.

"బాగుండాదనేది వద్దు మేడమ్. యాడ బాగలేదో అది చెప్పండి."

చేతికందిన ఉద్యోగాన్ని ఎవరైనా ఇలా కాలదన్నుకుంటారా అనుకున్నాను. గ్రేస్ మేడమ్ కాగితం ఒళ్ళో పెట్టుకున్నారు.

"డ్రాయింగ్‌లో మిస్టేక్ ఏం లేదండీ. అయితే ఒకటి చెప్పనా? మీ త్రీడీ చూసినా, ఇది చూసినా, వేరే ఎవరి కిచెనో చూస్తున్నట్టుంది. ఏంటో ఎక్స్‌ప్లెయిన్ చేయలేను."

నేను అందుకున్నాను. "గట్టు ఎత్తు మీకు సరిపోయేలాగే..."

"హైట్ కరెక్టేనండీ, నాకు తెలుసు. ఇదిగో, ఈ కౌంటర్ పైభాగం ఇంత వెడల్పుగా గీశారు కదా. నేను కౌంటర్‌ని ఇలా చూసి ఎన్నేళ్ళయిందో!"

రత్నమ్మ కాగితం వెనక్కి తీసుకుని గట్టు గీతల మీద వేలు నడిపింది. పెట్టె దాటి, అంచులు దాటి, మొట్టమొదట వేసిన అడ్డగీత దగ్గర ఆగింది. దాన్ని మేం ఐ లెవెల్ అంటాం. చూసేవాళ్ళ కళ్ళు ఎంత ఎత్తులో ఉన్నాయో చెప్పే గీత. పెట్టె దానికి కింద ఉంటే పైభాగం కనిపిస్తుంది, దానికి పైన ఉంటే అడుగు కనిపిస్తుంది. తక్కిన గీతలన్నీ దాన్నిబట్టే వస్తాయి. మా సాఫ్ట్‌వేర్ ఆ గీతను నిలబడిన మనిషి ఎత్తులో తనంతట తానే పెట్టేసుకుంటుంది. చేత్తో గీసేటప్పుడు మేమూ నిలబడే గీస్తాం కాబట్టి అదే ఎత్తు వస్తుంది.

"ఈడ మొదలైంది సార్" అంది రత్నమ్మ నాతో మెల్లగా. తర్వాత ఆమెవైపు తిరిగి, "మేడమ్, మీ కంటికి సూటిగా ఆ గోడ మీద యాడ తగుల్తాదో స్వల్ప చెయ్యి పెట్టి చూపించండి" అంది.

గ్రేస్ మేడమ్ కుర్చీ ముందుకు నడుపుకుని గోడ మీద వేలు ఆనించారు. రత్నమ్మ అక్కడొక గీత పెట్టింది. పెయింటర్లు వదిలేసిన బకెట్ ఒకటి బోర్లించి, ఆమె పక్కనే దానిమీద కూర్చుని, కొత్త కాగితం తీసింది.

ఈసారి పని తేలిగ్గా సాగలేదు. ఆ ఎత్తునుంచి రత్నమ్మ ఎప్పుడూ గీయలేదు. గట్టు సన్నటి పట్టీలా వచ్చింది, అది సరిగ్గానే ఉంది. పైపెట్టెల అడుగుభాగం గీస్తుంటే మాత్రం ఒక అంచు దారి తప్పింది. నేను చూశాను గాని నోరు మెదపలేదు. గ్రేస్ మేడమ్ మాత్రం కాగితం మీదికి వంగి నవ్వేశారు.

"అమ్మో, ఆ పై బాక్స్ నా నెత్తిన పడేలా ఉందండీ."

"అట్ల చెప్పండి మేడమ్!" అంది రత్నమ్మ సంబరంగా. వేలు పెట్టి వెతికింది, దొరికింది, చెరపకుండానే పక్కన సరైన గీత వేసింది. "ఇప్పుడు?"

"ఇప్పుడు ఓకే. కానీ వాటి అడుగులు తప్ప నాకేం కనిపించట్లేదు కదా. అంత పైన నాకెందుకవి? తీసేయండి."

"తీసేస్తి. ఇంకా?"

"ఇంకా..." అంటూ ఆమె పెన్సిల్ అడిగి తీసుకున్నారు. బొమ్మలో గోడ పొడవునా సాగిన కంటి గీత మీద పెన్సిల్ మొన ఆనించారు. "ఈ గీత ఏంటి?"

"అది మీ కన్ను మేడమ్. బొమ్మ అయినంక చెరిపేస్తాము."

"చెరపకండి. ఇక్కడ షెల్ఫ్ పెట్టండి. సన్నటిది, గోడ పొడుగునా. నా పోపుడబ్బాలన్నీ ఈ గీత మీదే ఉండాలి. ఏది ఎక్కడుందో ఎవర్నీ అడగక్కర్లేకుండా." ఆమె పెన్సిల్ తిరిగి రత్నమ్మ చేతిలో పెట్టారు. "ఇదీ నా కిచెన్. ఇన్ని రోజులకి చూపించారు."

శుభ్రంగా మళ్ళీ గీసి తెస్తామంటే ఒప్పుకోలేదు. తప్పిన అంచూ దిద్దిన అంచూ పక్కపక్కనే ఉన్న ఆ కాగితం కిందే సంతకం పెట్టి, తేదీ వేసి ఇచ్చారు. ఆటోలో వస్తూ యజమానికి ఫోన్ చేశాను. గీతలన్నీ సరిగ్గా వచ్చాయా అని అడిగారాయన. ఒకటి తప్పిందండీ, కస్టమరే దిద్దారు, సంతకం కూడా పెట్టారు అన్నాను. ఆయన, "సరే, ఆమె కాగితాలు రెడీ చేయించండి" అన్నారు. పక్కన రత్నమ్మ చీరకొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. "ధూళి సార్, బెళ్ళందూరు రోడ్లలో ఒకటే ధూళి" అంది. అప్పటికి వాన కురుస్తూనే ఉంది.

ఆ తర్వాత నా పని తీరు మారింది. దిద్దడమంటే తెలిసినవాడు తెలియనివాడికి చేసే ఉపకారమని అన్నేళ్ళూ అనుకున్నాను. అడిగే మనిషి సరిగ్గా అడిగితే దారినపోయేవాళ్ళూ దిద్దగలరు, అడగడం చేతకాకపోతే ఎంత ఎర్రపెన్నూ దండగేనని రత్నమ్మను చూసి నేర్చుకున్నాను. ఇప్పుడు ఏ కస్టమర్ దగ్గరా 'బాగుందా?' అని అడగను. ఆ ప్రశ్నకు మర్యాదస్తులంతా ఒకే జవాబు చెబుతారు. ఎక్కడ బాగోలేదో చెప్పమని అడిగి, చెప్పేదాకా పెన్సిల్ పట్టుకుని కూర్చుంటాను. ఆ ఓపిక ఆమెకున్నంత నాకింకా రాలేదు.

కిచెన్ బిగించడం పూర్తయ్యాక ఒకసారి చూసిపోదామని వెళ్ళాను. లోపల చేపల పులుసు ఉడుకుతోంది. నేను గుమ్మం దగ్గర నిలబడి గట్టూ షెల్ఫూ పరీక్షగా చూస్తుంటే గ్రేస్ మేడమ్ స్టూల్ చూపించి, "కూర్చుని చూడండి సార్" అన్నారు. అప్పటిదాకా నాకు షెల్ఫ్ మీద కనిపించినవి వరసగా డబ్బాల మూతలే. స్టూల్ మీద కూర్చున్నాక వాటి మీద ఆమె చేత్తో రాసుకున్న పేర్లు కనిపించాయి. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మిరియాలు. ఒక్కొక్కటీ చదువుకుంటూ చివరిదాకా వెళ్ళాను.